మెట్లకింద బాలింత

ఈ వారం మీకు పంపవలసిన వ్యాసం అసలు ఇది కాదు. మన సామెతల్లో వంటింటి సామాను ఎంత ఉన్నదో లెక్కకట్టి రాద్దామని కూర్చున్నాను. రోలూ రోకలీ దాకా వచ్చి ఆగిపోయాను. ఆ కాగితాలు బల్లమీద అలాగే ఉన్నాయి. మధ్యలో మా మెట్లకింద ఒక కుక్క ఈనింది.

దీపావళి వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున పాలపాకెట్టు కోసం తలుపు తీశాను. మెట్లకింద గోనెపట్టామీద ఒక గోధుమరంగు వీధికుక్క పడుకుని ఉంది. దాని పొట్టనంటుకుని ఎలుకపిల్లల్లాంటివి ఐదు. నాకు కుక్కలంటే భయమూ లేదు, ప్రేమా లేదు. వాకిట్లోకి వస్తే "ఛీ" అంటాను, అది పోతుంది. అంతవరకే మా సంబంధం. ఈ మాటు కూడా "ఛీ" అనబోతున్నాను, వెనకనుంచి మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"బాలింతను వెళ్ళగొడతారుటే, ఇంత చదువు చదివీ!"

ఇక నోరెత్తితే ఒట్టు. పైగా ఆ వారమే కాలేజీలో పిల్లలకు ఆదిపర్వం మొదలుపెట్టాను. జనమేజయుడి తమ్ముళ్ళు యజ్ఞశాల దగ్గర ఒక కుక్కపిల్లను నిష్కారణంగా కొట్టడం, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీయడం, అదీ పాఠం. భారతం కుక్కపిల్లతో మొదలై ధర్మరాజు వెంట నడిచిన కుక్కతో ముగింపుకు వస్తుందని క్లాసులో గొప్పగా చెప్పి ఇంటికి వచ్చి బాలింత కుక్కను తరమడం బాగుండదు కదా! ఈ కథంతా విన్న మా ఎనిమిదేళ్ళ అమ్మాయి ఆ కుక్కకు 'సరమ' అని పేరు పెట్టేసింది. పేరు పెట్టాక అది మన ఇంటిది కాకేం చేస్తుంది?

మూడు వారాలు గడిచాయి. కూనలు కళ్ళు తెరిచాయి, తప్పటడుగులు వేశాయి. గుండ్రటి బొజ్జలు. వచ్చినవాళ్ళందరూ "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో, బాగా మేపుతున్నారల్లే ఉందే" అనేవారు. నేనూ పొంగిపోయాను. బొజ్జ గణపతులని పిలిచేదాన్ని. ఆ బొజ్జల వెనక వెన్నుపూసలు లెక్కపెట్టవచ్చునన్న సంగతీ, వెంట్రుక మెరుపు లేక చింపిరిగా ఉన్న సంగతీ నా కంటబడలేదు. పడ్డా, పట్టించుకోలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఒక సాయంత్రం అన్నిట్లోకీ చిన్నదైన నల్లకూన కక్కింది. పాలతో పాటు ఉడికిన సేమియా లాంటిది చుట్టలు చుట్టుకుని బయటపడింది. ఆ సేమియా కదిలింది. మా అమ్మాయి కెవ్వుమన్నది. అమ్మ తాపీగా వంగి చూసి "ఏలికపాములే. పిల్లలకు పడవూ?" అన్నది. ఏలిక అంటే ప్రభువు. కడుపులో చేరి రాజ్యం ఏలే పురుగుకు ఆ పేరు పెట్టినవాడెవడో గాని సరిగ్గానే పెట్టాడని అప్పుడు నవ్వుకున్నాను కూడా. ఈ అనంతపురం వైపు గొర్రెలవాళ్ళు నట్టలంటారు.

ఆ నవ్వు మర్నాటికి లేదు. నేను చేసిన పని ఇది. అలమరలో మా అమ్మాయికి కొన్న నులిపురుగుల మందు సగం సీసా మిగిలి ఉంది. పిల్లలకు పనికివచ్చేది కూనలకు ఎందుకు పనికిరాదని తలా ఒక చెంచా పోశాను. తూచలేదు, అడగలేదు. మర్నాడు పొద్దున్న నల్లకూన లేవలేదు. సరమ దాన్ని మూతితో కదుపుతూ కూర్చుంది.

మా అమ్మాయి నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. మిగిలిన నాలుగింటినీ అట్టపెట్టెలో పెట్టుకుని, సరమను వెనక నడిపించుకుంటూ పశువుల ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరుగారు నా సమాధానాలు వింటూనే ఒక కూన పెదవి పైకెత్తి చిగురుమీద వేలితో నొక్కారు. "చూడండమ్మా, ఇది గులాబిరంగులో ఉండాలి. ఎలా ఉందో మీరే చెప్పండి" అన్నారు. పాత గోడ సున్నంలా ఉంది. ఏలికపాములు ఒక్కటే కాదు, కొంకిపురుగులు కూడా ఉన్నాయన్నారాయన. ఏలికపాము కడుపులో తిన్న తిండిని తింటుంది. కొంకిపురుగు వెంట్రుకంత సన్నం, అర అంగుళానికి కాస్త అటూ ఇటూగా పొడవు. అది పేగు గోడను పళ్ళతో కరిచి పట్టుకుని నెత్తురు పీలుస్తుంది. ఒంట్లో ఉన్న నెత్తురే పావుగ్లాసుకు కాస్త అటూ ఇటూగా ఉండే కూనకు అది చాలు. విరేచనం తారులా నల్లగా అవుతుంది, చిగుళ్ళు తెల్లబడతాయి, ఒక పొద్దున లేవదు.

"నా చెంచా వల్లనే పోయిందాండీ?" అని అడిగాను.

ఆయన కొంచెంసేపు పెట్టెలోకి చూశారు. "మీ చెంచా వల్ల పోయిందని చెప్పలేను, కాదనీ చెప్పలేను. పురుగులన్నీ ఒక్కసారిగా చచ్చి చిన్న పేగులో అడ్డం పడడం కూడా ఉంటుంది. నెత్తురే తక్కువై ఉండవచ్చు. పది రోజుల ముందు తెచ్చి ఉంటే మటుకు బతికేదనే అనుకుంటాను."

పది రోజుల ముందు నేను బొజ్జలు చూసి మురుస్తున్నాను.

వీధి దాటని కూనలకు ఇన్ని పురుగులు ఎక్కణ్ణించి వచ్చాయని మీకూ అనుమానం రావాలి. నేను మట్టీ, మురికీ అనుకున్నాను. డాక్టరుగారు తల్లిని చూపించారు. ఏలికపాము గుడ్లు ఎప్పుడో తల్లి కడుపులోకి పోతాయి. పొదిగి బయటకు వచ్చిన పిల్లపురుగులు పేగు దాటి కండల్లోకి పోయి నిద్రపోతాయి. నెలలు కాదు, ఏళ్ళు. తల్లి చూలుతో ఉన్నప్పుడు, ఆఖరి మూడు వారాల్లో అవి మేలుకుంటాయి. మాయ గుండా కడుపులో కూనల కాలేయంలోకి చేరతాయి. అంటే కూన పుట్టేటప్పటికే దాని ఒంట్లో పురుగు ఉంటుందన్నమాట. మిగిలినవి పాలతో వస్తాయి. కొంకిపురుగులు ముఖ్యంగా వచ్చే దారి ఆ పాలే. తల్లికి పేగుల్లో పురుగులు పోవడానికి మందు పోయవచ్చు గాని కండల్లో నిద్రపోయేవాటిని మామూలు మందు తాకదు. చూలు నలభయ్యో రోజునుంచి ఈనిన రెండు వారాల దాకా రోజూ ఇచ్చే మందొకటి ఉన్నది, డాక్టరు చేతిమీదుగా. వీధికుక్కకు ఎవరు పోస్తారు?

అంచేత లెక్క ఇలా పెట్టుకోమన్నారు. కూనలకు రెండు వారాల వయసులో మొదటి మోతాదు. తరువాత నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు. అక్కణ్ణించి ఆరు నెలల వయసు దాకా నెలకొకసారి. పెద్దయ్యాక మూడు నెలలకొకసారి. తల్లికీ కూనలతో పాటే, అవే రోజుల్లో. పిల్లల మలాన్ని నాకి శుభ్రం చేసేది అదే గనక, వాటి పురుగులు మళ్ళీ దానికి పోతాయి.

ఒకసారి పోస్తే చాలదా అని అడిగాను. మందు పేగులో ఉన్నవాటినే చంపుతుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ప్రయాణం మీద ఉన్నవి రెండు వారాలకు గూటికి చేరతాయి. వాటికోసం రెండో మోతాదు, ఆ పైవాటికి మూడోది. రెండు వారాలకే ఎందుకు మొదలుపెట్టాలంటే, మూడు వారాల వయసు దాటేసరికి కూన కడుపులో పురుగులు పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఆ గుడ్లు పడేది మన వాకిట్లో.

మందుల పేర్లు కూడా అడిగి రాసుకున్నాను, మీలో అడిగేవాళ్ళుంటారని. కూనలకు పైరాంటెల్ పామోయేట్ ద్రవం, కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల లెక్క. పెద్దవాటికి ఫెన్‌బెండజోల్, కిలోకు 50 మిల్లీగ్రాములు, మూడు రోజులు వరసగా. బద్దెపురుగులకు ఇవేవీ చాలవు; దానికి ప్రాజిక్వాంటెల్. ఒక్కొక్క సీసాలో చిక్కదనం ఒక్కో రకం గనక చెంచా లెక్క పనికిరాదు. తూచాలి. మా వీధిలో కూరగాయల బండి అతను పాపం వంకాయలు దించి కాటామీద గుడ్డ వేసి నాలుగింటినీ తూచి పెట్టాడు. ఒకటి 950 గ్రాములు, ఒకటి కిలో నూరు, రెండు కిలోకు కాస్త అటూ ఇటూ. "వీటికి కొసరు వెయ్యనమ్మా" అన్నాడు. పశువులకు పొడిచే ఐవర్‌మెక్టిన్ సూదిమందును కుక్కలకు అంచనా మీద పొడిపించేవాళ్ళున్నారట. దాన్ని కనిపెట్టినందుకు ఇద్దరికి 2015లో నోబెల్ బహుమానం వచ్చిన మాట నిజమే. కాని కోలీ వంటి జాతుల కుక్కలకు మోతాదు మించితే అది మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది.

డాక్టరుగారు దయామయులు. కూన మలాన్ని చిక్కటి ఉప్పునీళ్ళలో కలిపి, వడగట్టి, పైకి తేలినదాన్ని గాజుపలకమీద తీసి సూక్ష్మదర్శినిలో నన్నే చూడమన్నారు. తెలుగు లెక్చరరునైనా కళ్ళున్నాయి గదా! ఏలికపాము గుడ్డు గుండ్రంగా, ముదురు రంగులో, పైపెంకు గుంటలు గుంటలుగా ఉంది. కొంకిపురుగు గుడ్డు నాజూకు. పల్చటి పెంకులో నాలుగైదు ద్రాక్షపళ్ళు కుక్కినట్టున్నది. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో పన్నెండో వంతు ఉంటుందేమో. అలాంటివి ఒక్క ఆడపురుగు రోజుకు వేలకు వేలు పెడుతుందిట.

వెళ్ళబోతుంటే ఆయన మామూలుగా అడిగినట్టే అడిగారు: "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

అక్కడే నా గుండె జారింది. ఈ మూడు వారాలూ మా అమ్మాయి బడినుంచి రాగానే సంచి విసిరి మెట్లకిందే మకాం. పెరట్లో ప్రహరీ కోసం తోలించిన ఇసుక కుప్ప ఉంది. కూనలు దానిమీదే దొడ్డికి పోయేవి, ఇది దానిమీదే గుళ్ళు కట్టేది. గోళ్ళు కొరికే అలవాటు కూడా ఉంది.

కుక్క ఏలికపాము గుడ్డు మనిషి కడుపులోకి పోతే పెద్దపురుగు కాదు. పిల్లపురుగు దారి తప్పి ఒళ్ళంతా తిరుగుతుంది, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో. చాలామందికి ఏమీ తెలియకుండానే పోతుంది. కొందరికి జ్వరం, దగ్గు, కడుపునొప్పి. అరుదుగా కంట్లోకి పోతుంది. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే ఆమె, కేన్సరేమోనన్న అనుమానంతో తీసేసిన చిన్నపిల్లల కళ్ళను పరీక్షించి వాటిలో ఇలాంటి పిల్లపురుగుల జాడలు చూసిందిట. వాటిలో కొన్ని కుక్కల ఏలికపాములవేనని ఆ తరువాత తేలింది. 1952లో పాల్ బీవర్, ఆయన తోటివాళ్ళూ ఈ జబ్బుకొక పేరు పెట్టారు.

ఆ రాత్రి నిద్రపోతున్న పిల్ల కనురెప్ప ఎత్తి సెల్‌ఫోను దీపం వేసి చూశాను. ఏం కనిపిస్తుందని? మావారు లేచి "ఏమిటా పని, పడుకో" అన్నారు. మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాము. చూపు, కడుపు అన్నీ చూసి, నెత్తురు పరీక్ష చేయించి, ఏమీ లేదన్నారు. అప్పుడు గాని పశువుల డాక్టరుగారు చెప్పిన రెండో మాట నా బుర్రకెక్కలేదు. అప్పుడే పడిన గుడ్డు ఎవరికీ అంటదు. దానిలో పురుగు తయారుకావడానికి మట్టిలో రెండు మూడు వారాలు కావాలి. కూనను ఎత్తుకున్నందువల్ల వచ్చే ముప్పు తక్కువ. మట్టిలోనే అసలు ముప్పు. కుక్క మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి గోతిలో కప్పేస్తే సగం భయం పోతుంది. పాతబడ్డ గుడ్డు మటుకు మొండిది. ఏళ్ళ తరబడి బతుకుతుంది, ఫినాయిలుకు చావదు. సలసల కాగే నీళ్ళకు చస్తుంది. నేను నెలనెలా పోసే ఫినాయిలంతా వాసనకేనన్నమాట!

ఇసుకమీద పైన జానెడు మందం తీయించి, మిగిలినదానిమీద టార్పాలిన్ కప్పాము. మెట్లకింద గచ్చుమీద కాగిన నీళ్ళు పోశాము. అమ్మాయి గోళ్ళు కత్తిరించి, కుళాయి దగ్గర సబ్బు కట్టిపెట్టాను. చెప్పుల్లేకుండా పెరట్లోకి పోకూడదని శాసనం. కొంకిపురుగు పిల్లలు తడిమట్టిలోంచి అరికాలి చర్మంలోకి దూరగలవు. దూరినచోట ఎర్రటి గీత వంకరటింకరగా పాకుతుంది, ఒకటే దురద.

మా అమ్మ మటుకు వైద్యం మార్చలేదు. వేపాకు నూరుతానంది. వెల్లుల్లి పెడదామంది. వెల్లుల్లి, ఉల్లి కుక్కల నెత్తురును విరిచేస్తాయని చెప్పి చేతిలోది లాక్కున్నాను. "అయితే వాయువిడంగాలో?" అన్నది. ఆయుర్వేదంలో అది క్రిమిహరమే. అయినా కిలో లేని కూనకు ఎంత పెట్టాలో ఎవరికి తెలుసు? అమ్మకు నచ్చే సంగతొకటి డాక్టరుగారి దగ్గర దొరికింది. పూర్వం పశువైద్యులు కుక్కల బద్దెపురుగులకు వాడిన మందు మన తాంబూలంలో వక్కేనట! వక్కలో ఉన్న సత్తు పేగును గట్టిగా కదిపి పురుగును తోసేస్తుంది. న్యూజిలాండులో, ఆస్ట్రేలియాలో ఊరి కుక్కలన్నిటికీ దాన్ని ఇచ్చి, బయటపడినదాన్ని పరీక్షించేవారు. కాని కుక్కకు వాంతులూ, మెలికలూ, ఒక్కోసారి ప్రాణాపాయమూ. మెరుగైన మందులు వచ్చాక మానేశారు. ఇది విన్నప్పటినుంచి అమ్మ తాంబూలం వేసుకున్నప్పుడల్లా సరమవైపు ఒక చూపు చూస్తున్నది.

బద్దెపురుగు సంగతి కూడా సరమ దగ్గరే చూశాను. దాని తోకకింద వెంట్రుకలకు ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు దోసగింజల్లా ఉండి కదులుతాయి. పురుగు తెంపి వదిలే ముక్కలవి. ఇది మలం ద్వారా సరాసరి అంటేది కాదు. ఒంటిమీద గెంతే చిన్న నల్లపేలు ఉంటాయే, అవి పిల్లపురుగులుగా ఉన్నప్పుడు ఆ గుడ్లు మింగుతాయి. దురదపెట్టి కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ ఆ పేనును మింగుతుంది. కడుపులో మళ్ళీ బద్దెపురుగు. పేలు వదిలించకుండా మందు ఎన్నిసార్లు పోసినా బొక్కెన అడుగు చిల్లి పూడ్చకుండా నీళ్ళు తోడడమే. కుక్క పిర్ర నేలకు రాస్తే పురుగులున్నట్టేనని మన వీధుల్లో ఒక నమ్మకం. చాలాసార్లు అది మలద్వారం పక్క గ్రంథులు నిండడం వల్లనట. అసలు పెద్దకుక్కల్లో చాలావాటికి పైకి ఏ లక్షణమూ కనిపించదు. అందుకే ఆ మూడు నెలల లెక్క.

ఈ గొడవ క్లాసులో చెప్పకుండా ఉండలేకపోయాను. సరమ పాఠమే కదా! బెల్లు కొట్టాక ఒక కుర్రవాడు ఆగిపోయాడు. గొర్రెలు మేపే కుటుంబం వాళ్ళది. "మేడమ్, మా తాతకు లివరులో నీటిగడ్డ ఆపరేషను చేసినారు. కుక్కలవల్ల అని డాక్టరు చెప్పినాడు. మా ఇంట్లో ఎవరూ నమ్మలే" అన్నాడు.

నమ్మవలసిందే. ఈ బద్దెపురుగు వేరే. కుక్క పేగులో ఉండే పెద్దపురుగు అర సెంటీమీటరు పొడవుంటుంది, కంటికానదు. కుక్కకు దానివల్ల ఏ బాధా లేదు. దాని గుడ్డు గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తి కడుతుంది. గొర్రెను కోసినప్పుడు ఆ తిత్తి ఉన్న ముక్కను "పనికిరాదు" అని కుక్కకు విసురుతారు. తిత్తిలో వేలకొద్దీ పురుగు తలలుంటాయి. చక్రం పూర్తయింది. ఆ చక్రంలో గొర్రె బదులు మనిషి కూర్చుంటే, ఆ తిత్తి ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగి ఏ టెంకాయంతో అయ్యాక బయటపడుతుంది. లోపల చిట్లితే ప్రాణానికే ముప్పు.

గొర్రెలూ కుక్కలూ కలిసి ఉన్న దేశాల్లో ఐస్‌లాండు ఒకటి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఈ జబ్బు ఇంటింటా ఉండేది. 1863లో హరాల్డ్ క్రాబె అనే డేనిష్ వైద్యుడు వెళ్ళి కుక్కలను కోసి చూసి కారణం నిర్ధారించాడు. తరువాత ఆయన చేసిన పని నాకు నచ్చింది. ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని 1864లో అచ్చువేసి ఇళ్ళకు ఉచితంగా పంచారు. గొర్రె తిత్తులను కాల్చండి, పాతెయ్యండి, కుక్కకు వెయ్యకండి, చేతులు కడుక్కోండి, అంతే. చలికాలం రాత్రుళ్ళు ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే అలవాటున్న జనం వాళ్ళు. తరువాత చట్టాలు వచ్చాయి, కుక్కలకు మందులు వచ్చాయి. రాజధాని రెక్యావిక్‌లో 1924లో కుక్కలను పెంచడమే నిషేధించి 1984లో గాని సడలించలేదు. ఆ దేశంలో ఈ జబ్బు కనుమరుగైంది. మందులు ఇంకా సరిగా లేని రోజుల్లో ఒక చిన్న పుస్తకం అంత పని మొదలుపెట్టిందంటే పుస్తకాలమీద బతికే నాబోటిదానికి కించిత్తు గర్వంగానే ఉంటుంది.

మా కుర్రవాడికి పుస్తకం లేదు గనక ఒక కాగితంమీద రాసిచ్చాను. కోసినప్పుడు నీటిబుడగలున్న కాలేయాన్ని, ఊపిరితిత్తిని లోతుగా పాతిపెట్టాలి. మందకాపలా కుక్కకు ఆరు వారాలకొకసారి ప్రాజిక్వాంటెల్, డాక్టరునడిగి. కుక్క నాకిన చేత్తో అన్నం తినకూడదు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ "తాత చదవలేడు మేడమ్, నేను చదివి వినిపిస్తా" అన్నాడు.

ఇప్పుడు కూనలకు ఏడు వారాలు దాటాయి. చిగుళ్ళు గులాబిరంగుకు వచ్చాయి. బొజ్జలు పోయి నాలుగూ కొంచెం సన్నగా, చురుగ్గా తయారయ్యాయి. మందు పోసిన మర్నాడు ఇసుకలో మళ్ళీ సేమియా కనిపిస్తే ఇప్పుడు మా అమ్మాయి కెవ్వుమనడం లేదు, లెక్కపెడుతున్నది. రెండు కూనలను అడిగినవాళ్ళున్నారు. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కదానికీ తేదీలు రాసిన అట్టముక్క మెడలో కడుతుందిట. పాలు పూర్తిగా మానాక సరమకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తానని డాక్టరుగారు మాట ఇచ్చారు.

మెట్లకింద గోడమీద బొగ్గుతో ఐదు పేర్లు రాసి ఉన్నాయి. నల్లకూన పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. దాన్ని చెరిపెయ్యమని నేను చెప్పలేదు. ఆదివారం ఎనిమిదోవారం మోతాదు. కాటా కోసం బండి అతనికి శనివారమే చెప్పి ఉంచాలి, వంకాయలు సర్దకముందే రమ్మని.